వాన తోట, కంకర కందకం: 1,500 చ.మీ. స్థలంలో వరద నీటికి అడ్డుకట్ట (ప్రాజెక్టు డైరీ)

కొలతలు, లెక్కలు, తేడా వచ్చిన చోట్లు, వాటికి చేసిన మార్పులు వరసగా ఉన్నాయి. ఇలాంటిదే కట్టేవారు పద్ధతిని ఉన్నదున్నట్టు తీసుకోవచ్చు. వాన తీవ్రత, నేల ఇంకే వేగం మాత్రం సొంత స్థలంవే వాడాలి. ఆ రెండూ అరువు తెచ్చుకుంటే మిగతా లెక్కంతా దండగ.

నీటి దారి ఇది: కప్పు, పార్కింగ్, పచ్చిక మీద పడిన వాన → పూడిక తొట్టి → వాన తోట (నీరు కాసేపు నిలిచి, మట్టి గుండా దిగే మొక్కల గుంట) → తోట నిండాక నిలువు గొట్టం → భూమిలోపలి కంకర కందకం → నియంత్రణ చాంబర్‌లోని తూము → బయటి కాలువ.

దశ 1: ఎంత నీరు వస్తుంది, ఎంత వదలొచ్చు

పారే నీటి గుణకాలతో (పడిన వానలో ఎంత వంతు పారుతుందో చెప్పే అంకెలు) లెక్కేసిన ప్రభావ విస్తీర్ణం:

- కప్పు: 420 చ.మీ. × 0.95 = 399
- పార్కింగ్: 600 చ.మీ. × 0.90 = 540
- పచ్చిక: 480 చ.మీ. × 0.20 = 96
- మొత్తం: 1,035 చ.మీ.

ఈ స్థలానికి తీసుకున్న డిజైన్ వాన 15 నిమిషాల వ్యవధికి గంటకు 90 మి.మీ. ఆ లెక్కన గరిష్ఠ ప్రవాహం 25.9 లీ/సె. కట్టడాలేవీ లేనప్పుడు (గుణకం 0.25) ఇదే వానకు 9.4 లీ/సె. వచ్చేది. కింది కాలువలో మిగిలిన సామర్థ్యం అంతకంటే తక్కువ కాబట్టి వదిలే పరిమితి 7.5 లీ/సె. అని ఖాయం చేశారు.

తొలి డ్రాయింగ్‌లో నిల్వను కూడా ఈ 15 నిమిషాల వానకే లెక్కేశారు. ఇది చాలా చోట్ల జరిగే పొరపాటు. గుణకం, తీవ్రత, విస్తీర్ణం గుణించే ఈ సూత్రాన్ని 1889లో ఎమిల్ కుయిష్లింగ్ మురుగు గొట్టాల సైజు తేల్చడానికి ప్రతిపాదించాడు. అది చెప్పేది గరిష్ఠ ప్రవాహం. నిల్వకు కావలసింది ఘనపరిమాణం. అందుకని ఒక్కో వ్యవధికి వచ్చిన నీరు, ఆ సమయంలో బయటికి పోయిన నీరు తీసేసి చూడాలి. కందకం మట్టం సున్నా నుంచి నిలకడగా పెరిగితే తూము సగటు ప్రవాహం గరిష్ఠంలో మూడింట రెండు వంతులు ఉంటుంది. అంటే 5 లీ/సె., గంటకు 18 ఘ.మీ.

- 15 నిమిషాలు, 22.5 మి.మీ.: వచ్చింది 23.3, పోయింది 4.5, నిల్వ 18.8 ఘ.మీ.
- 30 నిమిషాలు, 33 మి.మీ.: 34.2 − 9.0 = 25.2 ఘ.మీ.
- 60 నిమిషాలు, 45 మి.మీ.: 46.6 − 18.0 = 28.6 ఘ.మీ.
- 120 నిమిషాలు, 56 మి.మీ.: 58.0 − 36.0 = 22.0 ఘ.మీ.
- 180 నిమిషాలు, 63 మి.మీ.: 65.2 − 54.0 = 11.2 ఘ.మీ.

మనల్ని ముంచేది గంట వాన. 15 నిమిషాల లెక్కతో కట్టి ఉంటే 9.8 ఘ.మీ. తక్కువ పడేది.

కావలసిన నిల్వ: 28.6 ఘ.మీ.

దశ 2: నేల పరీక్ష

పరీక్ష నేల పైభాగాన చేస్తే పనికిరాదు. కందకం అడుగు ఎక్కడ ఉంటుందో అక్కడిదాకా గుంత తీసి, ఆ మట్టం మీద 300, 600 మి.మీ. వ్యాసాల జంట రింగులు దింపారు.

1. రింగులను 100 మి.మీ. లోతుకు సమంగా దిగ్గొట్టాలి. పక్కకు ఒరిగితే అంచు వెంట నీరు జారిపోతుంది.
2. రెండు రింగుల్లోనూ నీటి మట్టం ఒకేలా ఉంచాలి. బయటి రింగులో తగ్గితే లోపలి నీరు పక్కకు పాకి, వేగం ఎక్కువగా కనిపిస్తుంది.
3. కనీసం 4 గంటలు నాననివ్వాలి.
4. తరవాత ప్రతి 15 నిమిషాలకు కొలవాలి. వరసగా మూడు కొలతలు దగ్గరదగ్గరగా వచ్చేదాకా ఆపకూడదు.

నానకముందు గంటకు 80 మి.మీ. వచ్చింది. నానాక 14 మి.మీ. ఎండిన నేల పగుళ్లు తాగిన నీటిని ఇంకే వేగం అనుకుంటే ఎంత తేడా వస్తుందో ఈ రెండు అంకెలే చెబుతాయి. పూడికకు, కాలంతో వచ్చే మార్పుకు సగం తగ్గించి డిజైన్ వేగం 7 మి.మీ./గం. అని తీసుకున్నారు.

ఇంత మెల్లగా ఇంకే నేలను వాన పడుతున్నప్పుడు నమ్ముకోకూడదు. అందుకే నిల్వ లెక్కలో ఇంకుడును సున్నా చేసి, దాన్ని కందకం అడుగున మిగిలిన నీరు ఖాళీ కావడానికే ఉంచారు. తూమును అడుగు నుంచి 100 మి.మీ. పైన పెట్టడం వల్ల చిన్న వానల నీరు కాలువకు పోకుండా అక్కడే ఇంకుతుంది. కంకర రాళ్ల మధ్య ఖాళీ 0.36 వంతు (దశ 5లో కొలిచింది) కాబట్టి 100 మి.మీ. అంటే 36 మి.మీ. నీరు, 7 మి.మీ. చొప్పున 5 గంటల పైచిలుకు.

భూగర్భ జల మట్టం కూడా చూడాలి. తడి కాలంలో అది కందకం అడుగుకు కనీసం ఒక మీటరు కింద ఉండాలి. ఎండాకాలపు కొలత ఒక్కటీ చూసుకుని ధైర్యపడొద్దు. భవనం పునాదులకు 5 మీటర్ల దూరం వదిలారు.

దశ 3: మట్టాలు

నిల్వ ఎంత ఉన్నా మట్టాలు కుదరకపోతే ఒక భాగంలోని నీరు ఇంకో భాగంలోకి ఎదురు తన్నుతుంది. తోట అడుగును (నీరు నిలిచే ఉపరితలం) 100.00 మీ.గా తీసుకుంటే:

- పార్కింగ్ అంచు: 100.45
- కట్ట పైభాగం: 100.40
- అలుగు: 100.26
- నిలువు గొట్టం మూతి: 100.15 (తరవాత 100.18)
- తోట కింది డ్రెయిన్ గొట్టం అడుగు: 99.10
- కందకం పొర్లు మట్టం: 99.05
- తూము కేంద్రం: 98.10
- కందకం అడుగు: 97.97

రెండు చోట్ల ప్రత్యేకంగా చూడాలి. ఒకటి, కందకం నిండినా నీరు తోట డ్రెయిన్‌లోకి వెనక్కి రాకూడదు. ఆ 50 మి.మీ. తేడా అందుకే. రెండు, కట్ట పైభాగం పార్కింగ్ అంచుకన్నా తక్కువ ఉండాలి. అంచనా మించిన వాన వచ్చిననాడు నీరు అలుగు మీదుగా పోవాలి కానీ వాహనాల వైపు మళ్లకూడదు. అలుగు వెడల్పు 1.5 మీ.; మొత్తం 25.9 లీ/సె. దాని మీదుగా పోయినా లోతు 50 మి.మీ. లోపే.

బయటి కాలువ నిండుగా ఉన్నప్పుడు అక్కడి నీరు 98.30 దాకా వస్తుందని గోడ మీది మరకలు చూపించాయి. అంటే తూము కేంద్రానికి 200 మి.మీ. పైన. అప్పుడు తూము మీది పీడనం (నీటి ఎత్తుల్లో తేడా) 0.95 మీ. నుంచి 0.75 మీ.కు పడి, ప్రవాహం 7.4 నుంచి 6.6 లీ/సె.కు తగ్గుతుంది. ఖాళీ కందకంలోకి కాలువ నీరు ఎదురెక్కకుండా చివర రబ్బరు ఫ్లాప్ వాల్వ్ బిగించారు. డిజైన్ కాగితాల్లో తరచూ మరిచిపోయేది ఈ ఎదురు మట్టమే.

దశ 4: తవ్వకం

కందకం 27 మీ. పొడవు, 2 మీ. వెడల్పు. పార్కింగ్ మట్టం నుంచి దాదాపు 2.5 మీ. లోతు. పక్కలకు దన్ను పెట్టకుండా ఈ లోతులోకి ఎవరినీ దింపకూడదు. తడిసిన మట్టి విరిగిపడే ముందు ఏ సూచనా ఇవ్వదు.

తవ్వకం అయ్యాక అడుగున మళ్లీ రింగులు పెడితే 14 మి.మీ. కాస్తా 4 మి.మీ. అయింది. కారణాలు రెండు. చివరి 300 మి.మీ. మట్టిని చక్రాల యంత్రం లోపలికి దిగి తీసింది. బరువుకు అడుగు గట్టిపడింది. బకెట్ నున్నటి అంచు బంకమట్టిని గోడల వెంట పూతలా పులిమింది. గోడను గోటితో గీకితే పైన మైనంలాంటి పొర లేచి, వెనక గరుకు మట్టి కనబడింది.

సరిచేసిన తీరు:

1. పళ్లున్న బకెట్‌తో అడుగును 300 మి.మీ. లోతుకు గుల్ల చేశారు. యంత్రం గట్టు మీదే ఉంది.
2. గోడలను ఇనుప దంతెతో అడ్డంగా గీకారు.
3. అడుగును చేతి పనిముట్లతో చదును చేశారు. దిమ్మిసా వాడలేదు.
4. మళ్లీ పరీక్ష: 12 మి.మీ./గం.

డిజైన్ 7 కన్నా ఎక్కువే. తవ్వాక వాన వస్తే అడుగున చేరే బురదను గీకి తీసేశాకే కంకర పోయాలి.

దశ 5: కంకర

20–40 మి.మీ. కడిగిన కంకర. రాళ్ల మధ్య ఖాళీ వంతును 0.40గా అనుకున్నారు. లారీ దిగాక 20 లీటర్ల బకెట్‌తో పరీక్ష:

1. కంకరను ముందే తడిపి, నీరు వార్చాలి. పొడి రాయి తాగే నీరు ఖాళీ కింద లెక్కకు రాకూడదు.
2. బకెట్ నింపి, నేలకు నాలుగైదు సార్లు తట్టి, పైకి సమంగా కొట్టాలి.
3. కొలిచిన నీరు అంచుదాకా పోయాలి.

పట్టింది 7.2 లీటర్లు. అంటే 0.36.

లెక్కకు వచ్చే లోతు తూము అడుగు నుంచి పొర్లు మట్టం దాకా, 0.98 మీ. అంతకు కింది 100 మి.మీ. ముందటి వాన నీటితో నిండి ఉండవచ్చు, కలపకూడదు.

- తోట ఉపరితలం (12 × 4 మీ. అడుగు, 1:4 వాలు, 150 మి.మీ. లోతు): 8.7
- కందకం, 0.40 అనుకున్నప్పుడు: 21.2, మొత్తం 29.9 ఘ.మీ.
- కందకం, కొలిచిన 0.36తో: 19.1, మొత్తం 27.8 ఘ.మీ.

0.8 ఘ.మీ. తక్కువ. కందకం పొడిగించడానికి చోటు లేదు. 110 మి.మీ. పంపిణీ గొట్టం బదులు 300 మి.మీ. చిల్లుల గొట్టం వేశారు. గొట్టం లోపల అంతా ఖాళీయే, 1.9 ఘ.మీ. ఆ చోట కంకర సందుల కింద ముందే లెక్కేసిన 0.7 పోను 1.2 ఘ.మీ. అదనం. గొట్టంలోకి కెమెరా, కడిగే నీటి జెట్ పోవడానికి కూడా ఈ సైజు పనికొస్తుంది.

లెక్క ఇప్పటికి: 29.0 ఘ.మీ. (కావలసింది 28.6)

కంకర దుమ్ము గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. గాజు సీసాలో సగం కంకర, సగం నీరు పోసి ఊపి, గంట ఆగి చూడండి. మొదటి లోడులో నీరు పాలలా అయింది. కడిగి, ఆరబెట్టి తూస్తే బరువులో 2% దుమ్ము. 65 ఘ.మీ. కందకంలో పోసే కంకర సుమారు 97 టన్నులు. దాంట్లో 2% అంటే రెండు టన్నుల దాకా మెత్తటి పొడి. మొదటి వానలకే అది కిందికి దిగి, 54 చ.మీ. అడుగున దాదాపు 30 మి.మీ. బురద పొర అవుతుంది. ఇంకుడుకు అక్కడితో తలుపు మూసినట్టే. ఆ లోడును జల్లెడ మీద మళ్లీ కడిగించారు, సీసాలో నీటి గుండా అవతలి వేళ్లు కనబడేదాకా.

జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని పోనిచ్చి మట్టిని ఆపేది) పక్కలకు, పైకి మాత్రమే, 400 మి.మీ. అతుకుతో వేశారు. అడుగున వేయలేదు. పూడిక పట్టి ముందు మూసుకుపోయేది అదే.

దశ 6: తోట మట్టి

మొదటి మిశ్రమం ఇసుక 60, మట్టి 30, కంపోస్ట్ 10 శాతం. 150 మి.మీ. గొట్టంలో 600 మి.మీ. ఎత్తున నింపి, నానబెట్టి కొలిస్తే గంటకు 35 మి.మీ. మట్టిలోని బంక ఇసుక సందులన్నీ పూడ్చింది. ఇసుక 82, మట్టి 10, కంపోస్ట్ 8 శాతానికి మార్చాక 120 మి.మీ. కంపోస్ట్ ఇంకా పెంచితే మొక్కలకు బాగుంటుందని అనిపిస్తుంది. కానీ ఎక్కువైన పోషకాలు నీటితో కొట్టుకుపోయి కింది చెరువుల్లో నాచు పెంచుతాయి.

పొరలు కింది నుంచి: డ్రెయిన్ గొట్టంతో కంకర 200 మి.మీ., సన్న కంకర (5–10 మి.మీ.) 100 మి.మీ., మట్టి 600 మి.మీ. మట్టికి, కంకరకు మధ్య గుడ్డ వద్దు. సన్న కంకర పొర ఆ పని చేస్తుంది.

మట్టి దిగుతుందని 60 మి.మీ. ఎక్కువ పోశారు. నీళ్లు పెట్టాక దిగింది 40. మిగిలిన 20 మి.మీ. మీద 50 మి.మీ. చెక్క పొట్టు పరిచారు. కంటికి తోట చక్కగా ఉంది. లెవెల్ పెట్టి చూస్తే గొట్టం మూతికి, పొట్టుకు మధ్య 150కి బదులు 80 మి.మీ. మాత్రమే.

లెక్క: 29.0 − 3.7 = 25.3 ఘ.మీ. అంటే 3.3 తక్కువ.

మార్చినవి:

1. పొట్టు తీసి, మట్టిని 70 మి.మీ. తగ్గించి, పొట్టు మళ్లీ పరిచారు. 100.00 అనేది ఇప్పుడు పొట్టు పైభాగం.
2. తేలిపోయే సన్న పొట్టు బదులు పీచుగా చీల్చిన చెక్క వాడారు. ఆ పీచులు ఒకదాన్నొకటి పట్టుకుని కదలవు.
3. గొట్టం మూతిని 30 మి.మీ. పెంచారు. అదనం 2.1 ఘ.మీ.

లెక్క ఇప్పటికి: 31.1 ఘ.మీ.

నిలువు గొట్టం వ్యాసం కూడా మారింది. 300 మి.మీ. గొట్టం జాలీ సగం ఆకులతో మూసుకుపోతే 25.9 లీ/సె. లోపలికి పోవడానికి మూతి మీద 102 మి.మీ. నీరు నిలవాలి. అలుగు మూతికి 80 మి.మీ. పైన మాత్రమే ఉంది. 450 మి.మీ. గొట్టానికి అదే స్థితిలో 77 మి.మీ. చాలు.

దశ 7: నీరు లోపలికి వచ్చే చోటు

పార్కింగ్ అంచు రాయిలో 300 మి.మీ. సందు వదిలారు. చిన్న వానలోనే నీరు సందు దాటి ముందుకు పోయింది. తోటవైపు నేల, పార్కింగ్ ఒకే మట్టంలో ఉండడంతో ఇసుక, గడ్డి కలిసి గుమ్మంలా పేరుకున్నాయి. సందును 450 మి.మీ. చేసి, లోపలివైపు 70 మి.మీ. దించి, 3 × 1 మీ. రాతి పూడిక తొట్టి కట్టారు. తొట్టి లోతు 150 మి.మీ.; గోడ మీద 75 దగ్గర గీత. పూడిక గీతను తాకితే ఎత్తెయ్యాలి.

దశ 8: తూము

6 మి.మీ. స్టెయిన్‌లెస్ పలకలో 60 మి.మీ. గుండ్రటి రంధ్రం. రంధ్రం ప్రవాహ గుణకం 0.61, పీడనం 0.95 మీ. దగ్గర 7.4 లీ/సె.

పరీక్షకు ట్యాంకర్లతో కందకంలో నీరు నింపి, తూము మీద 0.40 మీ. పీడనం వచ్చాక బయటి మూతి దగ్గర 100 లీటర్ల డ్రమ్ము పట్టారు. లెక్క ప్రకారం 4.8 లీ/సె. రావాలి. డ్రమ్ము 16.5 సెకన్లలో నిండింది: 6.1 లీ/సె. రంధ్రం సైజు సరిగ్గానే ఉంది. పలక వెనక కాంక్రీటు గరుకుగా ఉండి, రబ్బరు పట్టీ అంచు వెంట నీరు కారుతోంది. నిండు మట్టంలో ఇది 9 లీ/సె. దాటేది. కాంక్రీటును రుద్ది, మెత్తటి మందపాటి పట్టీ వేసి, బోల్టుల మధ్య దూరం తగ్గించాక 20.5 సెకన్లు: 4.9 లీ/సె. డ్రమ్ము, స్టాప్‌వాచ్ చాలు. ఈ పరీక్ష మాత్రం మానొద్దు.

60 మి.మీ. రంధ్రానికి పెద్ద ముప్పు చెత్త. ఒక వాన తరవాత చాంబర్ మట్టం తగ్గకుండా నిలిచిపోయింది. రంధ్రానికి అడ్డంగా ఒక ప్లాస్టిక్ సంచి ముక్క, దాని మీద ఆకుల దొంతర. పలక ముందు 25 మి.మీ. సందుల జాలీ పెట్టారు, రంధ్రం వైశాల్యానికి ఇరవై రెట్లకు పైగా. జాలీని వాలుగా పెడితే చెత్త పైకి జరుగుతుంది. చాంబర్ అడుగును తూముకు 300 మి.మీ. కిందికి దించారు, ఇసుక అక్కడ ఆగుతుంది. నిండు చాంబర్‌లోకి దిగకుండానే తెరవగలిగే గొలుసు మూత ఒకటి పక్కన అమర్చారు.

దశ 9: అసలు వానతో సరిచూసుకోవడం

పరికరాలు: 0.2 మి.మీ. వానమాపకం, చాంబర్‌లో పీడన లాగర్ (నీటి మట్టాన్ని నమోదు చేసే పరికరం). లాగర్‌ను 15 నిమిషాల విరామంతో పెడితే శిఖరం తప్పిపోతుంది. 1 నిమిషం పెట్టాలి.

50 నిమిషాల్లో 31 మి.మీ. పడిన వానకు కందకంలో లెక్కించిన గరిష్ఠ మట్టం అడుగు నుంచి 0.68 మీ. నమోదైంది 0.78 మీ. తూము శుభ్రంగా ఉంది, తోట మట్టి వేగం మారలేదు. తేడా పచ్చిక నుంచి వచ్చింది. ముందురోజు వానకు నేల నానిపోయి ఉంది. దాని గుణకం 0.20 బదులు 0.35 పెడితే లెక్క 0.78కి కుదిరింది.

ఆ సవరణతో ప్రభావ విస్తీర్ణం 1,107 చ.మీ. అయింది. గంట వానకు కావలసిన నిల్వ 49.8 − 18.0 = 31.8 ఘ.మీ. ఉన్నది 31.1. నానిన నేల మీద పెద్ద వాన పడడం అరుదేమీ కాదు, వరదలు వచ్చేది ఎక్కువగా అప్పుడే. కాబట్టి 0.7 ఘ.మీ. లోటును వదిలెయ్యలేదు.

పచ్చిక నీరు తోటకు వచ్చే దారిలో నిస్సార కాలువ తీసి, రాతి అడ్డుకట్టలు మూడు వేశారు. కాలువ అడుగు 0.5 మీ., పక్కల వాలు 1:3, పొడవు వాలు 1.5%, అడ్డుకట్ట ఎత్తు 150 మి.మీ. ఒక్కో కట్ట వెనక నీరు 10 మీ. దాకా నిలుస్తుంది, అది 0.6 ఘ.మీ. కట్ట మధ్యభాగం అంచులకన్నా 50 మి.మీ. తక్కువ ఉండాలి (150 లెక్క ఆ మధ్యభాగానిది), లేకపోతే నీరు పక్కల నుంచి కోసుకుపోతుంది. మొదటి కట్ట దగ్గర అదే జరిగి, రాళ్లను రెండు పక్కలా గట్టులోకి 400 మి.మీ. చొప్పించాల్సి వచ్చింది.

లెక్క ఇప్పటికి: 31.1 + 1.8 = 32.9 ఘ.మీ. (కావలసింది 31.8)

నిర్వహణలో చూడాల్సిన అంకెలు

1. పూడిక తొట్టి గీత: ప్రతి పెద్ద వాన తరవాత.
2. తోటలో నీరు నిలిచే సమయం: 180 మి.మీ. నిండితే గంటన్నరలో పోవాలి. 6 గంటలు దాటితే పై 50 మి.మీ. మట్టిని గీకి మార్చాలి.
3. కందకం నిండాక తూము మట్టానికి దిగే సమయం: సుమారు గంటన్నర. 3 గంటలు పడితే ముందు జాలీ చూడాలి, తరవాత ఫ్లాప్ వాల్వ్.
4. తూము కింది 100 మి.మీ. ఇంకే సమయం: ఇప్పుడు దాదాపు 3 గంటలు. 5 గంటలు దాటడం మొదలైతే 300 మి.మీ. గొట్టాన్ని జెట్‌తో కడిగి, పూడికను చాంబర్ నుంచి తోడెయ్యాలి.
5. గొట్టం మూతి, అలుగు, కట్ట మట్టాలు: ఏడాదికోసారి లెవెల్ పెట్టి. కట్ట 100.35 కంటే దిగితే మట్టి వేసి దిమ్మిసా కొట్టాలి.